ఊడ్వని గది

లెక్కల పీరియడ్ నడుస్తుండగానే ఎనిమిదో తరగతి గదిలో స్లాబు పెచ్చు ఊడిపడింది. రెండో బెంచీలో కూర్చున్న పిల్లకు మోచెయ్యి విరిగింది. బడి ఆయా ఆ పిల్లను ఎత్తుకుని ఆటో దాకా పరిగెత్తింది. ఎదురుగా ఉన్న బట్టల ఫ్యాక్టరీలో మిషన్ కుట్టే తల్లిని పిలిపించి, ఇద్దర్నీ ఆసుపత్రికి పంపింది.

ఆమె తిరిగొచ్చేసరికి గది గుమ్మంలో హెడ్మాస్టరు, కాంట్రాక్టరు నిలబడి ఉన్నారు. ఆ గది కట్టి రెండేళ్లు కూడా నిండలేదు.

"ఆయమ్మా, గంటలో ఇంజనీరు గారొస్తారు. ఆ పెచ్చులన్నీ ఎత్తిపారేసి ఊడ్చెయ్. పిల్ల మెట్ల మీద జారిపడిందని రాశాం. నువ్వూ చూశానని సంతకం పెట్టు," అన్నాడు హెడ్మాస్టరు, ఆమె మొహం చూడకుండా.

ఆయా వంగి ఒక పెచ్చు తీసి నలిపింది. అరచేతిలో పొడిపొడిగా రాలిపోయింది. అంతా ఇసుకే.

పన్నెండేళ్లలో ఆ బడిలో ఆమె కాదన్న పని లేదు. ఉద్యోగం చూస్తే ఇవాళుండి రేపు ఊడేది.

"నేను ఊడవను సారూ."

"ఏంటీ?"

"మెట్లు ఆ పిల్లనేం చెయ్యలేదు. చూసింది చూసినట్టే చెప్తా."

కాంట్రాక్టరు నవ్వాడు. "రేపట్నుంచి రావద్దనండి మాస్టారూ. అదే దారికొస్తుంది."

ఆయా తలుపు దగ్గరికి లాగి, గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

ఇది విన్న పదో తరగతి పొడుగు పిల్ల ఫ్యాక్టరీ గేటుకు పరిగెత్తింది. భోజనాల వేళ. నలభైమంది ఆడవాళ్లు తింటున్నవి అలాగే వదిలి వచ్చారు.

"మన పిల్లల సర్టిఫికెట్లు వీళ్ల చేతుల్లో ఉన్నాయి. గొడవపడితే బడికే తాళమేస్తారు," అన్నాడు పిల్లను దింపి వచ్చిన ఆటో డ్రైవరు.

"తాళమేస్తారని నోరు మూసుకుందామా అన్నా? రేపు మీవాడి నెత్తిన పడితే?" గుండీలు కుట్టే ఆవిడ కసిరింది. "పక్క గదులెవరు కట్టారు?"

"ఈ కాంట్రాక్టరే," అంది ఆయా. "మూడూ."

ఇక ఎవరూ ఆగలేదు. మూడు గదుల్లోని పిల్లల్నీ బయటికి తెచ్చేశారు. బెంచీలు ఆటస్థలంలోకొచ్చాయి.

ఇంజనీరు ఒంటరిగా రాలేదు, వెనకే పోలీసు జీపు వచ్చింది. సర్కారు పనికి అడ్డొచ్చిందని ఆయాను జీపు ఎక్కించారు. ఖాళీ అయిన గుమ్మంలో ఆటో డ్రైవరు వచ్చి కూర్చున్నాడు. "నా మీంచి వెళ్లండి చూద్దాం," అన్నాడు.

ఫ్యాక్టరీ సైరన్ మోగింది. ఒక్కరూ పనిలోకి వెళ్లలేదు. జీపు వెనకే నడిచారు.

స్టేషన్లో బల్ల మీద కూర్చోబెట్టిన ఆయాకు బయటి మాటలన్నీ వినబడుతున్నాయి.

"రిపోర్టా? ఎవరో ఒకరివ్వండి, చాలు," అన్నాడు ఎస్సై.

"ఒకరిస్తే ఆ ఒకర్నే లోపలేస్తారు. అందరం ఇస్తాం, ఎవరిది వాళ్లం," అంది గుండీల ఆవిడ.

సగంమందికి రాయడం రాదు. వెంట వచ్చిన పదో తరగతి పిల్లలు స్టేషన్ మెట్ల మీద కూర్చుని, నోటుబుక్కులు ఒళ్లో పెట్టుకుని తల్లులు చెబుతుంటే రాశారు. కాంట్రాక్టరు పేరు ప్రతి కాగితంలోనూ ఎక్కింది.

"ఇంక తీసుకోను!" అరిచాడు ఎస్సై.

పొడుగు పిల్ల తలెత్తలేదు. పేజీ తిప్పింది.

"తర్వాతెవరు?"

అప్పటికే ఫ్యాక్టరీ రెండో షిఫ్టు వాళ్లు స్టేషన్ గేటులోకి వస్తున్నారు.