నలభై రోజుల పని

ఆఫీసు బాత్రూములో గడియ పెట్టుకుని నాగలత పాలు పిండి పారబోస్తోంది. పొద్దుటి నుంచి ఇది రెండోసారి. బయట ఓనరు శ్రీనివాసులు కేకలేస్తున్నాడు.

"యాడబోయిందప్పా ఆయమ్మ? కొట్టాయన లైన్లో ఉండాడు!"

ఇరవై రోజుల్లో అయిపోవాల్సిన పనికి ఆ రోజు ఇరవై నాలుగో రోజు.

ప్రొద్దుటూరులో బట్టల కొట్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ అది. నాగలతకు నెలకు పద్దెనిమిది వేలు. భర్త జనార్దన్ లారీ మీంచి పడి కాలు విరిగినప్పటి నుంచి ఇంటికి అదే ఆధారం. కాన్పయినాక వేములలో పుట్టింటి నుంచే పని చేసేది. మూడు శాఖలున్న పెద్ద కొట్టు పని రాగానే, అది ముగిసేదాకా ఆఫీసులోనే ఉండాలని శ్రీనివాసులు పిలిపించాడు. ఏడు నెలల కూతుర్ని తల్లి పెద్దసుబ్బమ్మకు అప్పగించి వచ్చి హాస్టల్లో దిగింది.

ఎన్ని రోజులు పడుతుందని అడిగితే ఒక పూటంతా కూర్చుని లెక్కవేసింది. పాత సరుకు వివరాలు ఎక్కించడానికి పది, మూడు శాఖల నిల్వలు కలపడానికి పదిహేను, బిల్లులకూ పన్నులకూ ఎనిమిది, తప్పులు వెతికి సరిచేయడానికి ఏడు. మొత్తం నలభై.

"ఇరవై చేద్దాంలే," అన్నాడు శ్రీనివాసులు.

పదిహేనేళ్లు బట్టలమ్మిన మనిషి. ఆ బజారులో మొదట చెప్పిన ధరను ఎవరూ నమ్మరు, సగానికి అడగనివాణ్ణి అమాయకుడంటారు. చీరకు చెల్లిన న్యాయమే మనిషి చాకిరీకీ చెల్లుతుందనుకున్నాడు మహానుభావుడు.

"ఎనభై అని చెప్పింటే నలభైకి నిలబడేది కదక్కా," అన్నాడు పక్క సీటు షాహుల్. "నిజం ఎవరు చెప్పమన్యారు నిన్ను?"

నిజం చెప్పాల్సిన చోట మాత్రం ఆమె చెప్పలేదు. బయలుదేరేటప్పుడు తల్లి "ఎన్నాళ్లకొస్తావమ్మా?" అని అడిగితే ఇరవై అంది. నలభై అని నోటితో అంటే తన కాళ్లే గడప దాటవని భయపడింది.

ఆ ఇరవై నాలుగో రోజు బాత్రూములోంచి వచ్చి శ్రీనివాసులును అడిగింది. "సార్, ఆదివారం ఒక్కపూట పోయొస్తా. బిడ్డకు పాలిచ్చి వచ్చేస్తా."

"ఇంగ నాలుగు దినాలే కదమ్మా. నువ్వు పోతే ఈళ్లంతా చేతులు కట్టుకోని కూసుంటారు."

ఆ నాలుగు దినాలు పదహారయ్యాయి. ముప్పై ఒకటో రోజున పాలు రాలేదు. గట్టిగా పిండి చూసింది. నొప్పి తప్ప చుక్క లేదు. గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని వచ్చి సీట్లో కూర్చుంది, శాఖల నిల్వలు ఇంకా కలవలేదు మరి.

పని సరిగ్గా నలభయ్యో రోజున పూర్తయింది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. ఆలస్యమైందని ఆమె జీతంలో మూడు వేలు కోశారు.

వేములలో తల్లి చేతుల్లోంచి పాపను అందుకుంది. పాప ఆమెను కాసేపు తేరిపార చూసి, ఏడుస్తూ అమ్మమ్మ వైపు వంగింది. రొమ్ముకు పట్టిస్తే రెండుసార్లు చప్పరించి తల తిప్పుకుంది.

"మేకపాలు మరిగిందిలేమ్మా," అంది పెద్దసుబ్బమ్మ. "ఇరవై దినాలంటివి కదా, అది దాటినాక దినామూ బస్సు టయానికి రోడ్డుకాడికి ఎత్తుకోని పోతాంటి. మొదట్లో శానా ఏడ్సింది. పదినాళ్లకు ఏడుపు మానింది."

"నలభై పడుతుందని నాకు ముందే తెల్సుమ్మా."

పెద్దసుబ్బమ్మ కూతురి ముఖంలోకి చూసింది. లోపలికి పోయి మేకపాలు సీసాలో పోసి తెచ్చింది.

అంతలో శ్రీనివాసులు ఫోను. "జమ్మలమడుగులో ఇంగో కొట్టాయన ఒప్పుకున్యాడు. రెండు శాఖలు. పాత సరుకు శానా ఉంది. ఎన్ని దినాలు?"

నాగలత వివరాలన్నీ అడిగి, మనసులో లెక్క కట్టుకుంది.

"ముప్పై ఐదు సార్."

"ఇరవై రాసుకుంటా."

"రాసుకోవద్దు సార్. ముప్పై ఐదే. ఈడ్నుంచే చేస్తా."

"పని ఉండల్లా వద్దా నీకు?"

"ఉండల్ల సార్. కానీ ముప్పై ఐదే."

  ఆయన జవాబు కోసం ఫోను చెవికి ఆనించుకుని, తల్లి చేతిలోని పాలసీసా అందుకుని పాప నోటికి పెట్టింది. పాప తాగింది, అమ్మమ్మనే చూస్తూ.