ఆఖరి బెంచీ సారు

అనంతలక్ష్మికి మొగుడి మీద ఉన్న ఫిర్యాదులు చెప్పుకుంటూ పోతే తెనాలిలో రైలెక్కిన మనిషి రేపల్లెలో దిగేదాకా సరిపోతాయి. అన్నిట్లోకీ పెద్దది, రిటైరైన మనిషి రిటైరైనట్టు ఉండడని.

"బాపట్లలో అన్నేళ్లు జాగ్రఫీ చెప్పింది చాలక, చెప్పేవాళ్లకి చెప్పడం ఏంటండీ?" అంది ఆ ఉదయం, ఇడ్లీల డబ్బా మూత నొక్కుతూ.

"చెప్పను. కూర్చుని వింటానంతే," అన్నాడు భావనారాయణ, చొక్కా గుండీలు ఒకటి తప్పి పెట్టుకుంటూ.

"నా మాట తప్ప అందరివీ వింటారు." గుండీలు విప్పి మళ్లీ ఆవిడే పెట్టింది.

డిగ్రీ పిల్లలందరికీ పర్యావరణ పాఠం తప్పనిసరి చేసిన కొత్తరోజులవి. ఏ సబ్జెక్టు చదివినవాళ్లకైనా ఆ క్లాసు అంటగట్టేవారు. అలాంటి కొత్త లెక్చరర్ల పాఠాలు విని మంచీచెడూ చెప్పమని యూనివర్సిటీ వాళ్లు భావనారాయణను అడిగారు. బక్కపల్చటి మనిషి. బోర్డు మీద రాసీ రాసీ కుడి భుజం కాస్త పైకి లేచి ఉండేది. చాక్‌పీసు పొడి తెచ్చిన దగ్గు ఆయనతోపాటు రిటైరు కాలేదు. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, గోడమీది నోటీసులు చదువుతున్నట్టు నటించి ఊపిరి తీసుకునేవాడు.

ఆ రోజు రేపల్లె కాలేజీలో రుక్సానా క్లాసు. బాటనీ చదివిన పిల్ల, చేరి నెల కాలేదు. ఆయన పిల్లల మధ్య ఆఖరి బెంచీలో ఇరుక్కున్నాడు. రుక్సానా గబగబా సముద్రం గురించి చెబుతూ, పోటు రోజుకు ఒక్కసారే వస్తుందంది. సముద్రపొడ్డున ఉన్న నిజాంపట్నం నుంచి వచ్చే పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఆయన మాత్రం శ్రద్ధగా తల ఊపాడు.

క్లాసయ్యాక స్టాఫ్ రూములో టీ తాగుతూ అన్నాడు: "గొంతు బాగుందమ్మా, ఆఖరి బెంచీకి వినపడింది. పోటు మాత్రం ఇక్కడ రోజుకు రెండుసార్లు. రేపు ఆ ముక్క పిల్లలతో అనేయ్."

రుక్సానా మొహం ఎర్రబడింది. "తప్పు చెప్పానని నేనే చెప్పాలా? నవ్వుతారండి!"

"నవ్వుతారు. నన్ను చూసీ నవ్వారు. బాపట్లలో కొందరు ఇంకా ఆపలేదు."

"మీకేం సార్, రిటైరైపోయారు. మీకింక పోయే పరువు లేదు. నాది కాంట్రాక్టు ఉద్యోగం. పిల్లలు లెక్కచేయకపోతే వచ్చే ఏడు నన్నెవరు పెట్టుకుంటారు?" ఆమె టీ గ్లాసు పక్కకి నెట్టింది. "దయచేసి ఇంక నా క్లాసుకి రావద్దండి."

"సరేనమ్మా," అన్నాడాయన. గ్లాసులో మిగిలిన టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లాడు.

సాయంత్రం పాసింజరులో కిటికీ పక్కన కూర్చున్నాడు. వరిచేల మీంచి చల్లగాలి వస్తోంది. శనక్కాయలమ్మే ఆవిడ, పెద్దాయన నిద్రపోతున్నాడని గొంతు తగ్గించి అరుచుకుంటూ పోయింది. తెనాలిలో అందరూ దిగారు. ఆయన దిగలేదు.

ఇంట్లో అనంతలక్ష్మి చారు మళ్లీ వేడిచేస్తూ, కొత్త ఫిర్యాదొకటి తయారుచేసుకుంటోంది.

మర్నాడు ఆయనకి సంతాపంగా కాలేజీకి సెలవిచ్చారు. ఆ మర్నాడు రుక్సానా క్లాసుకి వెళ్లి, హాజరు వేయకుండానే నిలబడింది.

"మొన్న పోటు ఒక్కసారే వస్తుందన్నాను. తప్పు చెప్పాను. రెండుసార్లు వస్తుంది."

నవ్వుతారని ఎదురుచూసింది. ఎవరూ నవ్వలేదు. సాయి సుధ అనే అమ్మాయి లేచింది. వాళ్ల నాన్న నిజాంపట్నంలో పడవ మీద చేపల వేటకు వెళతాడు.

"మాకు తెలుసు మేడం. ఆరోజే వరండాలో సార్‌ని అడిగామండి. మేడమే చెప్తారు, అప్పటిదాకా ఎవరూ ఏమీ అనొద్దన్నారు."

రుక్సానా బల్ల అంచు పట్టుకుంది.

"నేను సార్‌ని క్లాసుకి రావద్దన్నాను," అంది. "అదీ తప్పే."