నా దవడ గురించి ఒక పేరా

మొదటి మంచు పడింది. గ్రేట్ ఫాల్స్ ఊరు ఊరంతా మంచులో జారని చలికాలం టైర్ల కోసం మా షాపు ముందే ఉంది. ఆ హడావుడిలో క్లేటన్ నవ్వుకుంటూ వచ్చాడు. ఆ నవ్వు చూడగానే నా దవడ సలపడం మొదలుపెట్టింది. నాలుగేళ్ళ క్రితం దాన్ని విరగ్గొట్టింది వాడే.

కాలేజీలో మాదొకటే గది. నేను రాసుకున్న చరిత్ర వ్యాసాన్ని నా కంప్యూటర్లోంచి దొంగిలించి తన పేరుతో ఇచ్చాడు. ప్రొఫెసర్ పట్టుకున్నాక, కార్లు ఆపేచోట నన్ను పడేసి దవడ విరిగేలా తన్ని, 'నేనే ఇష్టపడి ఇచ్చాను' అని నాచేత రాయించి సంతకం పెట్టించుకున్నాడు. ఇద్దరినీ ఆరునెలలు సస్పెండ్ చేశారు. వాడు మళ్ళీ చేరాడు. స్కాలర్‌షిప్ పోయిన నేను ఇక్కడ టైర్లు మారుస్తున్నాను. కాలేజీ రికార్డులో ఇప్పటికీ నేను మోసగాణ్ణే.

"ఏరా ఓరిన్, ఒళ్ళు చేశావే! నీతో ఓ పనుందిరా."

"నీ మొహానికి నాతో పనేంట్రా?"

లా కాలేజీకి దరఖాస్తు పెడుతున్నాడట. పాత తప్పులన్నీ అందులో చెప్పాలట. దాచినట్టు తేలితే రేపు లాయరుగా లైసెన్సే ఇవ్వరట. అందుకే నిజం రాశాడట. అయితే రికార్డులో నా సంతకం వేరే కథ చెబుతోంది కాబట్టి, అది కొట్టి పెట్టించిందేనని నేనూ సంతకం చేయాలట.

నాలుగేళ్ళుగా నేను కోరుకున్నది అదే. చేతులు తుడుచుకుని కాగితం అందుకున్నాను.

దొంగతనం ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఇలా ఉంది: 'చిన్న తోపులాట జరిగింది. గాయపడిన మిత్రుడి కళ్ళలో నాకు మొదటిసారి న్యాయం కనిపించింది.'

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరు వారాలు తీగలు కట్టించుకుని సూప్ పీల్చిన దవడ, వీడికి సీటు తెచ్చే పేరా అయిపోయింది!

"తోపులాటా? పడిపోయాక కూడా తన్నావు కదరా! వద్దని ఏడుస్తుంటే నవ్వావు. అదీ రాయి, సంతకం పెడతాను."

"పిచ్చా? అది రాస్తే సీటెవడిస్తాడు? నీ పేరూ బాగుపడుతుందిగా, నోర్మూసుకుని పెట్టు."

"పెట్టను."

కాలర్ పట్టుకున్నాడు. ముక్కు మీద గుద్దాను. టైర్ల మీద పడి లేచి, చక్రాలు విప్పే పానా అందుకుని నా మోకాలు చితక్కొట్టాడు. కూలిపోయాను. బూటు నోటి మీద పడింది. రెండు పళ్ళు నాలుక మీదికి వచ్చాయి.

"పెడతావా, పెట్టవా?" మాటకో తన్ను తన్నాడు.

మా ఓనరమ్మ లొరెట్టా జాకీ రాడ్‌తో పరుగెత్తుకొచ్చి వాడి భుజం మీద బాది కూలదోసింది. "కదిలావంటే తల లేచిపోద్ది, వెధవా!" అంటూనే పోలీసులకు ఫోన్ చేసింది.

క్లేటన్ ముఖంలో రంగు పోయింది. నేల మీద పాక్కుంటూ నా దగ్గరికొచ్చాడు. "ఒరేయ్, కేసైతే అదీ దరఖాస్తులో రాయాలిరా. నా బతుకు పోతుంది. జారిపడ్డానని ఒక్క మాట చెప్పు. తన్నిందీ నవ్విందీ అంతా రాస్తాను, నీ కాళ్ళు పట్టుకుంటా."

ఒక్క అబద్ధం చాలు, నా పేరు కడుక్కోవచ్చు. మళ్ళీ చదువుకోవచ్చు. ఆశ పుట్టలేదంటే అబద్ధం.

కాసేపటికి వచ్చిన పోలీసావిడ నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "ఏమైంది బాబూ?"

రక్తం ఉమ్మేశాను. "వాడు కొట్టాడు. ఇది రెండోసారి."

క్లేటన్ కింద పడున్న ఆ కాగితాన్ని తీసి నా కళ్ళెదుటే ముక్కలు చేశాడు. "చావు! జన్మంతా మోసగాడిగానే చావు!"

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, నాలుగేళ్ళ క్రితం ఆ మొదటిసారి ఏం జరిగిందో పోలీసావిడకి చెప్పడం మొదలుపెట్టాను.