వంత పాడే రోలు

పొద్దున్నే అసిరమ్మ పెరట్లో వడ్ల దంపు మొదలయ్యేది. ఆవిడ పాట ఎత్తుకుంటే రోలు వంత పాడేది. ఊళ్ళో ఎవరికీ అది వింత కాదు. మంచు ఎక్కువైన రోజున రోలు గొంతు కాస్త బొంగురుపోయిందని అనుకునేవారు, అంతే.

పక్కింటి కూర్మమ్మకి మాత్రం ఒళ్ళు మండేది.

మండదూ మరి? పదేళ్ళు ఆ రోటి దగ్గర రెండో రోకలి ఆవిడదే. అసిరమ్మ మొగుడు ఖరగపూర్ రైలు పనికి పోయి తిరిగి రానప్పుడు, ఆ దిగులు పాటకి తొలి వంత పాడింది ఆవిడే. అరవై ఏడులో పాతపట్నంలో బియ్యం మిల్లు పెట్టారు. కూర్మమ్మ మొగుడు ఎర్రన్న వడ్ల బస్తాలు బండికెత్తాడు. ఇక దంపుతో పనేముందని కూర్మమ్మ వెళ్ళడం మానేసింది. మానేసిన వారానికే రోలు నోరు విప్పింది. అదీ అచ్చం కూర్మమ్మ గొంతుతో.

"ఇల్లున్నాది, వాకిలున్నాది సువ్వీ" అని అసిరమ్మ.

"ఊసులాడ మనిసి నేదమ్మా సువ్వీ" అని రోలు.

గోడకి ఇవతల కూర్మమ్మ కుతకుతా ఉడికిపోయేది. మనిషి మీద అసూయైతే పోట్లాడొచ్చు, రాతితో ఏం పోట్లాడతాం?

"నాను ఎల్లకపోయినా దానికేటీ బాధ నేదు సూడు" అంది మొగుడితో.

"ఇంటినిండా మనుసులుమున్నాం. ఆ రోలు గొడవ నీకేటే?" అన్నాడు ఎర్రన్న అన్నం తింటూ.

నిజమే, ఇంటినిండా మనుషులే. అన్నం పెట్టమనేవాళ్ళే గాని, కూర్చుని నాలుగు మాటలు మాట్లాడేవాళ్ళు లేరు.

అసిరమ్మ సంతకి వెళ్ళిన రోజు చూసి, కూర్మమ్మ ఊరి పక్క గెడ్డవాగులోంచి జిగటమట్టి తెచ్చి రోటినిండా కూరింది. పైన మడమతో తొక్కింది.

మర్నాడు పిల్లల్ని లేపబోతే గొంతు పెగల్లేదు. అత్త మిరియాల కషాయం పోసింది. లాభం లేదు. రెండు రోజులు అసిరమ్మ పెరట్లో దంపు చప్పుడు కూడా లేదు. మూడో రోజు, రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరిస్తే ఎలాగని, కూర్మమ్మ వెళ్ళి ఆ మట్టిని గోళ్ళతో తవ్వడం మొదలెట్టింది.

అసిరమ్మ చేటలో వడ్లు పట్టుకుని బయటికొచ్చింది.

"మడమ గుర్తు సూసినప్పుడే తెలిసిపోనాది వదినా. నువ్వే వచ్చి తీస్తావని ఒగ్గేసినాను."

రోలు కడిగి వడ్లు పోసి, రెండో రోకలి కూర్మమ్మ చేతికిచ్చింది. పాట ఎత్తుకుంది. రోలు పలకలేదు. ఒక పోటు ఊరికే పోయింది. రెండో పోటుకి కూర్మమ్మ గొంతు పెగిలింది.

"ఊసులాడ మనిసి నేదమ్మా సువ్వీ."

పదేళ్ళు అసిరమ్మ కోసం పాడిన మాట, ఇప్పుడు తన కోసమే వచ్చింది. ఏడుస్తూనే దంచింది.

"నా పాటే అనుకున్నాను వదినా" అంది అసిరమ్మ మెల్లగా. "నీదీ ఇదేనా."

ఆ తర్వాత రోలు మళ్ళీ పలకలేదు. మర్నాడు ఎర్రన్న మిల్లుకి బండి కట్టి వడ్ల బస్తా కోసం ఇల్లంతా వెతికాడు. అది అసిరమ్మ పెరట్లో ఉంది.