టేపుకు మంజూరైన సెలవు

ఈ ఉదయం మా అక్క పైడితల్లి నుదురు స్టీలుగా మారిపోయి ఉంది. పదకొండేళ్లుగా స్టీలు కంచాలకు మెరుగు పెడుతోంది కదా, ఎప్పటికైనా అంటుకునేదే. బొట్టు పెట్టుకుంటే జారిపోతోంది. వీపు మీద చెయ్యి వేస్తే నా చెయ్యి చురుక్కుమంటోంది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర నుదుళ్లకు టెంపరేచర్ గన్ పెట్టేది నేనే. నూట ఒకటి దాటితే మూడు రోజుల సెలవు, దాటకపోతే మిషను. సూపర్‌వైజర్ జోగినాయుడు గారు నా భుజం పక్కనే నిలబడతారు. అక్కకు గన్ పెడతాను. తొంభై ఏడున్నర.

అది అక్క వేడి కాదు, ఆయనది. నున్నటి స్టీలు తన వేడి దాచుకుని, ఎదురుగా ఉన్నవాళ్ల వేడిని తిప్పికొడుతుంది. ఆయనకు జ్వరం రానంత కాలం ఇక్కడ మెరిసేవాళ్లెవరికీ జ్వరం రాదు. ఇన్నేళ్లూ ఎంతమందికి నార్మల్ అని రాశానో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

గన్ పెట్టెలోని కాగితంలో ఉన్నదే ఆయనకు చెబుతాను. మెరిసేదానికి నల్ల టేపు అంటించాలి, టేపుకు వేడి పట్టేదాకా ఆగాలి, దగ్గర నుంచే కొలవాలి. దూరం జరిగితే గన్ చుట్టుపక్కల గోడను కూడా కలిపి చూస్తుంది. ఆయన సరేనంటారు. అక్క నుదుటికి కరెంటు టేపు అంటించి, కాసేపాగి, నాలుగు వేళ్ల దూరంలో మీట నొక్కుతాను. నూట నాలుగు.

"జ్వరం దేనికి చూపించింది?" అంటారాయన.

"టేపుకండి."

"మరైతే టేపుకే సెలవు."

అందులో తప్పెక్కడుందో నాకు దొరకదు. ఒళ్లు మండిపోతుంది, అయినా చీటీ రాస్తాను. టేపు తనంతట తానే ఊడి, అక్క చెప్పులు వేసుకుని, అక్క క్యారేజీ పట్టుకుని ఇంటికి బయలుదేరుతుంది. ఆటో ఎక్కేటప్పుడు కాస్త తూలుతుంది.

"అమ్మకి ఫోన్ సేసి సెప్పు, దానికి గంజి కాసి ఎట్టమను. మిరియాలు మర్సిపోవద్దను" అని అక్క లోపలికి నడుస్తుంది. కోపం రాలేదా అని అడుగుతాను. అరిగిపోయిందంటుంది.

మధ్యాహ్నానికి మెడ స్టీలవుతుంది, మూడింటికి చేతులు. నాలుగింటికి అక్క పూర్తయిపోతుంది. ఆమె ముఖంలో చూసుకుంటూ జోగినాయుడు గారు తల దువ్వుకుంటారు. ఆ తర్వాత ఆమె నడినెత్తిన టీ గిన్నె పెడతారు. చిటికెలో పొంగు వస్తుంది. ఇంకోసారి కొలవమంటారు. కొలుస్తాను. తొంభై ఏడున్నర.

పనివాళ్లంతా గ్లాసులు పట్టుకుని వరసలో నిలబడతారు. నాకూ ఒక గ్లాసు అందుతుంది. నార్మల్ అని రాసి, ఊదుకుంటూ తాగుతాను. మా అక్క చాలా వేడిగా ఉంది.