పామర్రు దాకా వెళ్లిన వాసన

డ్యూటీ దిగి విజయవాడ పటమటలో ఇంటికి రాగానే ఏంజెల్ కాళ్లు కడుక్కుని ఫ్రిజ్‌లోంచి ఒక డబ్బా తీసి గట్టు మీద పెట్టేది. చల్లదనం పోయేదాకా దాన్ని కదిలించేది కాదు. డబ్బాలో పెరుగు, అల్లంవెల్లుల్లి, మిరియాల పొడి, ధనియాల పొడి పట్టించిన పంది మాంసం ఉండేది. ఆదివారం చర్చి నుంచి వస్తూ భర్త యేసుబాబు తెచ్చేవాడు. వెన్ను లోపలి వైపు పొడుగ్గా, కొవ్వు లేకుండా ఉండే మెత్తటి కండ అది. కొట్టతను దాన్ని టెండర్‌లాయిన్ అంటాడు. ఏంజెల్ ఆ మధ్యాహ్నమే దాన్ని ముక్కలుగా కోసి, మసాలా పట్టించి, డబ్బాలకెత్తి పెట్టేసుకునేది. బెంజ్ సర్కిల్ దగ్గర ఆసుపత్రిలో రోజంతా నిలబడి పనిచేసే నర్సుకి సోమవారం సాయంత్రం ఉల్లిపాయలు తరిగే ఓపిక ఎక్కడుంటుంది?

ఆ కండే కావాలనడానికి కారణం ఆమె మావగారు సొలొమోను. ఆటోనగర్‌లో లారీ బాడీలకు చెక్కపని చేసి బతికిన మనిషి. ఇప్పుడు పళ్లు లేవు, బీపీ ఉంది. భార్య మాణిక్యమ్మ ఉన్న రోజుల్లో సొంతూరు పామర్రులో కట్టెల పొయ్యి మీద గంటలు గంటలు ఉడికించిన పంది కూర తిన్నవాడు. ఆవిడ పోయాక ఏ మాంసమూ ఆయనకి నమలబుద్ధి కాలేదు. పెళ్లిరోజుకని యేసుబాబు ఎయిర్ ఫ్రయ్యర్ కొన్నాడు. మొదటిరోజు ఏంజెల్ చెంచాడు నూనె రాసి ఈ కండని అందులో పెట్టింది. సగంలో తిరగేసింది. తీశాక కాసేపు పళ్లెంలో అలాగే ఉంచి, రసం లోపలికి ఇంకాక పల్చగా కోసి, నిమ్మకాయ పిండి పెట్టింది. ముసలాయన చిగుళ్లతోనే తినేసి పళ్లెం ముందుకు జరిపాడు, ఇంకా పెట్టమన్నట్టు.

ఏంజెల్ వండితే వాసన ఇల్లంతా పరుచుకోదు. ఎవరిని తలుచుకుని వండితే వాళ్ల దగ్గరికి వెళ్తుంది. ఎయిర్ ఫ్రయ్యర్ వెనక సందుల్లోంచి బొటనవేలంత లావున, లేత నీలం రంగులో తాడులా బయటికొచ్చి, నడుమెత్తున గాల్లో సాగిపోతుంది. ఒక పాయ హాల్లో మావగారి కుర్చీ చుట్టూ తిరిగి ఆగేది. ఇంకో పాయ మెట్లు దిగి, రోడ్డు దాటి, ఆటోనగర్‌లో యేసుబాబు రేడియేటర్లు బాగుచేసే షెడ్డుకి చేరేది. ఎదురింటి జమాల్ బీ గారి గుమ్మం ముందుకి వచ్చినప్పుడు మాత్రం అవతలి గోడకి ఒదిగి వెళ్లేది. షెడ్డులో వాళ్లు, "యేసూ, నీ వాసన వచ్చింది. ఇంక కట్టెయ్," అనేవాళ్లు. అతను చేతులు కడుక్కుని దాని పక్కనే నడుచుకుంటూ ఇంటికొచ్చేవాడు.

అలా ఉండగా సొలొమోనుకి మతిమరుపు ముదిరింది. పొద్దున్నే కాకీ చొక్కా వేసుకుని, ఎప్పుడో పడగొట్టేసిన పాత షెడ్డుకి పనికి బయల్దేరేవాడు. రెండుసార్లు ఆటోనగర్ గేటు దగ్గర ఎవరో పట్టుకుని తీసుకొచ్చారు. కోడలి పేరు మర్చిపోయి ఏడాదైంది. మంచినీళ్లు కావాలంటే, "ఇదిగో నర్సమ్మా," అని పిలిచేవాడు. ఇద్దరూ పనికి వెళ్లాలి కాబట్టి బయట గడియ పెట్టి వెళ్లడం మొదలుపెట్టారు. గడియ పెట్టిన ప్రతిసారీ లోపల్నుంచి ఆయన తలుపు మీద నెమ్మదిగా తట్టేవాడు. ఏంజెల్ మెట్లు దిగేదాకా ఆ చప్పుడు వినపడేది.

"గుడివాడ దగ్గర హోమ్ ఉందంట. బాగా చూసుకుంటారంట," అన్నాడు యేసుబాబు ఒకరోజు అన్నం కలుపుతూ. "ఇలా తాళంలో పెట్టేకంటే నయమేమో."

ఏంజెల్ అతని కంచంలో కూర వడ్డించింది. తర్వాత, "సరేనండీ," అంది. వచ్చే ఆదివారం తీసుకెళ్దామనుకున్నారు.

ఆ వారం మొదట్లోనే, సోమవారం, మధ్యాహ్నం నాన్నకి అన్నం పెట్టి వెళ్దామని వచ్చిన యేసుబాబుకి షెడ్డు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడుకుంటూ దిగిపోయాడు. గడియ పెట్టడం మర్చిపోయాడు.

ఏంజెల్ వచ్చేసరికి తలుపు తీసి ఉంది, కుర్చీ ఖాళీగా ఉంది. యేసుబాబు ఆటోనగర్ అంతా గాలించాడు. పాత షెడ్డు జాగాలో కట్టిన గోడౌన్‌లో అడిగాడు, బస్టాపుల్లో అడిగాడు. పోలీస్ స్టేషన్‌లో ఫొటో ఇచ్చి ఇంటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఎండ తగ్గుతోంది.

జమాల్ బీ గారు గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ భర్త నాగుల్ మీరా ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడతాడు. ఆయనా వెనకాలే వచ్చాడు.

"అమ్మాయ్, ఇలా కూర్చుంటే ఎట్లా? మీ మావగారి కోసం వండు. ఎక్కడున్నా అదే వెళ్తుంది కదా," అంది జమాల్ బీ.

"వెళ్తుందా ఆంటీ?" అంది ఏంజెల్.

ఆమె భయం వేరే. ఇంట్లోంచి పంపించెయ్యడానికి ఒప్పుకున్న మనిషి కోసం వండితే వాసనకి దారి తెలుస్తుందా? ఆ మాట ఎవరితోనూ అనలేదు. లేచి డబ్బా తీసింది. మాంసం పరిచి ఎయిర్ ఫ్రయ్యర్ అర లోపలికి తోసింది. మావయ్యా, ఎక్కడున్నావ్ మావయ్యా, అనుకుంటూ బటన్ నొక్కింది.

కాసేపటికి నీలం తాడు బయటికొచ్చింది. హాల్లోకి వెళ్లి ఖాళీ కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగింది. గడప దగ్గర ఆగింది. అప్పుడది ఎప్పుడూ వెళ్లే ఆటోనగర్ వైపు కాకుండా, మెట్లు దిగి బందరు రోడ్డు ఎక్కి తూర్పుకి తిరిగింది.

యేసుబాబు బండి తీశాడు.

కానూరు సెంటర్లో ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యెత్తి లారీలనీ ఆటోలనీ ఆపి, తాడునీ దాని వెనక యేసుబాబునీ పోనిచ్చాడు. పోరంకిలో పూలు అమ్ముకునే ఆవిడ బుట్ట పక్కకి జరుపుకుంది. పెనమలూరు దాటాక తాడు కాలవ గట్టు పక్కనే వడివడిగా సాగింది. ఇంటి దగ్గర ఏంజెల్ మొదటి వాయి తీసి రెండో డబ్బా పెట్టింది, తాడు తెగకుండా.

అప్పుడే కరెంటు పోయింది. ఎయిర్ ఫ్రయ్యర్ నిట్టూర్చినట్టు ఆగింది.

యేసుబాబు ఫోన్ చేశాడు. "కంకిపాడు దగ్గర ఆగిపోయింది ఏంజెల్. సన్నబడిపోతోంది."

"కరెంటు పోయిందండీ."

నాగుల్ మీరా తన ఇంట్లోకి తొంగి చూశాడు. ఫ్యాను తిరుగుతోంది. "పోయింది మీ ఫేజేనమ్మా. మాకుంది," అని, ఇస్త్రీపెట్టెకి వాడే పొడుగు వైరు బోర్డు తెచ్చి తమ ప్లగ్గులో పెట్టి, వరండా మీదుగా ఏంజెల్ వంటింటిదాకా లాగాడు. అందులో వండేదేమిటో ఆయనకీ తెలుసు, భార్యకీ తెలుసు. జమాల్ బీ గారు కొంగు సర్దుకుని, ఎవరూ వైరు తొక్కకుండా వరండాలో పీట వేసుకుని కూర్చుంది.

ఎయిర్ ఫ్రయ్యర్ మళ్లీ తిరిగింది. కంకిపాడు దగ్గర దారప్పోగంత సన్నమైపోయిన తాడు లావెక్కింది. ఉయ్యూరులో చెరకు ట్రాక్టర్ల మధ్య నుంచి దారి చేసుకుని, రెండు వైపులా వరి కోతలు జరుగుతున్న చేల మీదుగా పోయింది. ఏంజెల్ మూడో డబ్బా కూడా పెట్టేసింది. వారం మొత్తానికి దాచుకున్న మాంసం అదే ఆఖరు.

పామర్రు పొలిమేరలో, రోడ్డు వార మట్టిలో, కాకీ చొక్కా వేసుకున్న మనిషి విజయవాడ వైపు నడిచి వస్తున్నాడు. కాళ్లకి చెప్పుల్లేవు. ఎడమ చెయ్యి గాల్లో చాచి, నీలం తాడుని వేళ్ల మధ్య పట్టుకుని వస్తున్నాడు.

యేసుబాబు బండి అక్కడే వదిలేసి పరిగెత్తాడు. "నాన్నా."

"వచ్చావా," అన్నాడు సొలొమోను. "మీ అమ్మని తీసుకొద్దామని బస్సెక్కి వచ్చాన్రా. ఇంట్లో లేదు. ఇల్లే లేదు. ఎటు పోవాలో తెలీక ఎవరిదో అరుగు మీద కూర్చున్నా. ఇదొచ్చింది." చేతిలో తాడు చూపించాడు. "ఏంజెల్ వండేసింది. చల్లారిపోద్ది, పద."

యేసుబాబు తండ్రి రెండు చేతులూ పట్టుకుని నిలబడిపోయాడు. ఏడాదిగా ఆయన నోటమ్మట వినని పేరు అది. ఫోన్ తీసి, ఒక్క మాటే చెప్పాడు. "నాన్న నీ పేరు చెప్పాడే."

ఇటు ఏంజెల్ ఫోన్ గట్టు మీద పెట్టి నేల మీద కూర్చుంది. జమాల్ బీ గారు వచ్చి పక్కన కూర్చుంది. "అల్లా దయ," అంది. "స్తోత్రం తండ్రీ," అంది ఏంజెల్. అలాగే ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నాగుల్ మీరా గుమ్మం బయటే నిలబడి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఆంటీ, ఆదివారం ఆయన్ని హోమ్‌కి పంపుదామనుకున్నాం," అంది ఏంజెల్, కాస్త తేరుకున్నాక.

"తెలుసమ్మా. గడియ పెట్టినప్పుడల్లా ఆయన తలుపు తట్టడం మాకూ వినిపిస్తది." జమాల్ బీ భర్త వైపు చూసింది. ఆయన తలాడించాడు. "మా ఆయన పొద్దస్తమానం మిషను దగ్గరే కూర్చుంటాడు. మాట్లాడే దిక్కు లేదు. పక్కన ఇంకో కుర్చీ వేస్తే నేల అరుగుతదా? అన్నం డబ్బా నువ్వు పెట్టి వెళ్లు. మిగతాది మేం చూసుకుంటాం."

"మీకు కష్టమవుతుంది ఆంటీ."

"చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టడం కష్టమేంటమ్మా? బయటికి పోతానంటే నేనే గుమ్మంలో కూర్చుంటా. ఇందాక కూర్చున్నట్టే."

ఏంజెల్ కళ్లు తుడుచుకుంది. లేచి వాళ్లిద్దరికీ టీ పెట్టింది.

బాగా చీకటి పడ్డాక తండ్రీకొడుకులు మెట్లెక్కి వచ్చారు. ఏంజెల్ మావగారి కాళ్లకంటిన మట్టి కడిగి, మడమ మీద గీరుకున్న చోట మందు రాసింది. ఆయన కాళ్లు చాపి బుద్ధిగా చేయించుకున్నాడు. పళ్లెంలో ఉంచిన మాంసం పల్చగా కోసి, వేడన్నం పక్కన పెట్టింది. మూడు డబ్బాలదీ వండేసింది కాబట్టి ఆ రాత్రికి బోలెడుంది. వాచ్‌మన్ ఇంటికి ఒక గిన్నె పంపింది. జమాల్ బీ గారింటికి అరటిపళ్లూ, చపాతీలూ పంపింది.

సొలొమోను తినడం మొదలుపెట్టాడు. రెండు ముద్దలు తిన్నాక తల ఎత్తి, "నువ్వూ కూర్చో," అన్నాడు కోడలితో. పేరు పెట్టి పిలవలేదు. మళ్లీ మర్చిపోయాడో ఏమో. ఏంజెల్ అడగలేదు. పళ్లెం తెచ్చుకుని ఆయన ఎదురుగా కూర్చుంది.

యేసుబాబు వాళ్లిద్దరినీ కాసేపు చూసి, ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లాడు.

"ఆదివారం మా నాన్నని తీసుకొస్తామని చెప్పామండీ," అన్నాడు గుడివాడ వాళ్లతో. "రావట్లేదండీ. ... లేదండీ, ఒంట్లో బానే ఉంది. ఇంట్లో అన్నం తింటున్నాడు."