నాలుగు మార్కుల ముద్ద

నలభై ఆరో ఏట నేను పరీక్ష రాయవలసి వచ్చింది. అప్పటికి పదకొండేళ్ళుగా రావులపాలెంలో, అరటి మార్కెట్ వెనక వీధిలో, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల బడిలో టీచరుగా పని చేస్తున్నాను. రెండువేల ఒకటిలో పైనుంచి ఓ కాగితం వచ్చింది. అలాంటి పిల్లలకి చెప్పేవాళ్ళకి స్పెషల్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ ఉండాలట. లేనివాళ్ళు క్లాసులో ఉండకూడదట. మా సెక్రటరీ రామచంద్రమూర్తి గారు ఆ కాగితం నా చేతికిచ్చి, నా మొహం చూడలేక, కిటికీలోంచి గెలలెత్తుతున్న లారీని చూస్తూ నిలబడ్డారు.

"మీలాంటి పాతవాళ్ళ కోసం మూడు నెలల కోర్సు పెట్టారండి. పరీక్ష రాజమండ్రిలో. పాసైపోతే ఏ గొడవా లేదు."

"కాకపోతే?"

"మళ్ళీ పరీక్ష దాకా ఆయాగా ఉందురుగాని. మిమ్మల్ని పంపించేస్తామా ఏంటండీ?"

నాకు ఒళ్ళు మండింది. ఆయా పని తక్కువదని కాదు. పదకొండేళ్ళు ఆ పిల్లల చేత అక్షరాలు దిద్దించినదాన్ని పట్టుకుని ఇక గుమ్మం అవతల నిలబడమంటే ఎలా ఉంటుంది? నాకు ఆ గది కావాలి, ఆ పిల్లలు కావాలి. అందుకే పుస్తకం పట్టాను.

మా ఆయనది పోస్టాఫీసులో ఉద్యోగం. సాయంత్రం సైకిలు గోడకి ఆనించీ ఆనించగానే నా నోట్సు తీసుకుని ప్రశ్నలు మొదలెట్టేవారు. పాతికేళ్ళ కాపురంలో నన్ను నిలదీసి అడిగే అవకాశం ఆయనకి అదే మొదటిసారి. నేను తడబడితే చాలు, జీతం పెరిగినంత సంబరపడిపోయేవారు.

రాత పరీక్ష ఎలాగో గట్టెక్కుతానన్న ధైర్యం ఉంది. భయమల్లా ప్రాక్టికల్స్ గురించే. మన దగ్గర చదువుకునే పిల్లల్లో ఒకర్ని తీసుకెళ్ళాలి. రోజూ చేసుకునే పని ఒకటి ఎంచుకుని, దాన్ని చిన్న చిన్న మెట్లుగా విడదీసి, అందులో ఒక మెట్టు ఎగ్జామినర్ ముందు అరగంటలో చేయించాలి.

నాకు తయారీలో సాయం చేసింది కీర్తిప్రియ. భీమవరం వైపు రాజుల అమ్మాయి. ఇరవై నాలుగేళ్ళు, అసలైన డిప్లొమా చదివి ఆ ఏడే మా బడిలో చేరింది.

"రూతుకి అన్నం కలుపుకుని తినడం రాదు కదండీ. ప్రాక్టికల్స్‌కి అదే తీసుకుందామండి," అంది.

రూతుకి పన్నెండేళ్ళు. తల్లి అరటి మార్కెట్లో గెలలు మోస్తుంది. ఐదో ఏట మా బడికి వచ్చింది. హారన్ వింటే ఆ లారీ ఎవరిదో చెప్పేస్తుంది. అన్నం వేళకి మాత్రం నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని అరచెయ్యి చాపుతుంది. నేను కలిపి ముద్ద పెడతాను. మా ఇళ్ళల్లో పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, ఒకే పళ్ళెంలో కలిపి, తలో ముద్దా చేతిలో పెట్టడం అలవాటు. బడిలోనూ అదే చేశాను. ఎవరెవరి పిల్లల ఎంగిలో ముట్టుకుని వస్తున్నానని మా అత్తగారు ఏడాదిపాటు నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. నేనూ తగ్గలేదు. అంచేత ఆ ముద్ద మీద నాకు కొంచెం గర్వం. కొంచెమేమిటి, చాలానే.

కీర్తిప్రియ మూడు రోజులు నోటుపుస్తకం పట్టుకుని మా భోజనాల దగ్గర కూర్చుంది. నాలుగో రోజు అడిగింది.

"రూతుకి వేళ్ళు బాగానే పని చేస్తాయండి. మట్టితో లడ్డూలు చుడుతుంది. అన్నం ఎందుకు కలపదో తెలుసాండీ?"

"ఎందుకు?"

"మీరు కలుపుతారు కాబట్టండి."

ఆ పిల్లతో రెండు రోజులు మాట్లాడలేదు. నిన్నగాక మొన్న వచ్చి నాకు చెబుతుందా అనుకున్నాను. మూడో రోజు ఒక సంగతి గుర్తొచ్చింది. అంతకుముందు ఏడు నాకు టైఫాయిడ్ వచ్చి రెండు వారాలు బడికి వెళ్ళలేదు. ఆ రెండు వారాలూ రూతు, సాయంత్రం తల్లి వచ్చి పెట్టేదాకా, ఆకలితో అలాగే కూర్చుందట. బడిలో నా చేత్తో పెడితేనే తింటుందని నేను ఊరంతా గొప్పగా చెప్పుకున్నాను కూడా. అది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోయాను. వెళ్ళి కీర్తిప్రియ ముందు కూర్చుని, "మెట్లు రాయి," అన్నాను.

తొమ్మిది మెట్లు వచ్చాయి. చెయ్యి కడుక్కోవడం నుంచి పప్పు కలపడం దాకా ఆరూ నెలన్నరలో నేర్చుకుంది. ఏడోది కలిపినదాన్ని దగ్గరకి లాగి వేళ్ళతో ముద్ద చెయ్యడం. అక్కడ ఆగిపోయింది. ఒక మంగళవారం బాగా ఏడ్చింది. తట్టుకోలేక ఒక్క ముద్ద పెట్టాను. ఒక్కటంటే ఒక్కటి. ఆ తర్వాత పన్నెండు రోజులు పళ్ళెంలో చెయ్యి పెట్టలేదు. మళ్ళీ అరచెయ్యి చాపడమే. కీర్తిప్రియ నన్ను ఒక్క మాటా అనలేదు. రోజుకొకటి చొప్పున పుస్తకంలో పన్నెండు ఇంటూ గుర్తులు పెట్టింది. తిట్టినా బాగుండేది.

పరీక్ష నాటికి రూతు మా బడి అరుగు మీద ఏడో మెట్టు నాలుగుసార్లలో మూడుసార్లు చేసేస్తోంది. కొత్త గౌను తొడిగి, ముగ్గురం రాజమండ్రి బస్సెక్కాం.

ఎగ్జామినర్ పెద్దమనిషి, మెత్తని మాట. ఆయన ఇంగ్లీషులో అడిగిన వాటికి నేను తెలుగులో నసిగాను. తర్వాత పళ్ళెం పెట్టి రూతుని కూర్చోబెట్టాను. ఆరు మెట్లూ గబగబా అయిపోయాయి. ఏడో దానికి వచ్చేసరికి గది చూసింది, ఆయన్ని చూసింది, నన్ను చూసి అరచెయ్యి చాపింది.

"నువ్వే చెయ్యమ్మా," అన్నాను.

చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. పది నిమిషాలకి ఏడుపు మొదలైంది. నా చేతులు నా మాట వినవని నాకు తెలుసు. రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

గుమ్మం దగ్గర అటెండరు, "పాపం, ఓ ముద్ద పెట్టండమ్మగారూ," అన్నాడు.

ఎగ్జామినర్ నా వైపు వంగి గొంతు తగ్గించారు. "చెప్పకూడదు గానీ అమ్మా, ఇప్పటికి మీకు ఇరవై రెండు. పాసవడానికి ఇరవై అయిదు కావాలి. ఈ మెట్టు పిల్ల ఒక్కర్తీ చేస్తే పది మార్కులు. మీరు చెయ్యి పట్టుకుని చేయించినా నాలుగొస్తాయి. చేయించెయ్యండి."

నాలుగు మార్కులు. నా గది, నా బల్ల, నా పిల్లలు. ఒక్క ముద్ద కలిపిస్తే అన్నీ నావే. రూతు ముక్కు కారుతోంది, అరచెయ్యి ఇంకా చాపే ఉంది.

"వద్దండి," అన్నాను.

"టైమైపోతోంది. సున్నా వెయ్యాల్సొస్తుంది."

"వేసెయ్యండి. ఇప్పుడు నేను చెయ్యి పెట్టానంటే మళ్ళీ పన్నెండు రోజులు ఇది పళ్ళెం ముట్టుకోదండి. నా మార్కులకి దీని పన్నెండు రోజులు ఎలా తీసుకోమంటారు?"

ఆయన సున్నా వేశారు. "ఆర్నెల్లకి మళ్ళీ పరీక్ష ఉంటుందమ్మా," అన్నారు.

పళ్ళెం పట్టుకుని, కీర్తిప్రియ కూర్చున్న వరండాలోకి వచ్చాం. లోపలికి మరొక టీచరు తన పిల్లవాణ్ణి తీసుకుని వెళ్ళింది. నాకు ఏడుపాగలేదు. పరీక్ష పోయినందుకే ఏడ్చాను, అబద్ధమెందుకు? రూతు నా కన్నీళ్ళు చూసి తన ఏడుపు ఆపింది. పళ్ళెం ముందుకు లాక్కుంది. ముద్ద చేసింది, విడిపోయింది. విసుక్కుంది. మళ్ళీ చేసి, సగం గౌను మీద పోసుకుని, మిగతాది నోట్లో పెట్టుకుంది.

కీర్తిప్రియ చటుక్కున లేచింది. "ఆయన్ని పిలుస్తానండి! చూసి మార్కులు మారుస్తారేమో!"

"కూర్చో. లోపల ఇంకో ఆవిడ పరీక్ష నడుస్తోంది," అని చెయ్యి పట్టుకుని లాగాను.

రూతు రెండో ముద్ద కలుపుకుంటోంది. నా వైపు చూడనైనా లేదు. నా చేతులకి ఏం చెయ్యాలో తోచలేదు. కాసేపటికి సంచిలోంచి నా క్యారేజీ తీసి మూత విప్పాను. బడిలో అందరికీ పెట్టాక, మూడింటికి, చల్లారిపోయినది తినడమే పదకొండేళ్ళుగా నా అలవాటు. ఆ రోజు రూతూ నేనూ పక్కపక్కన కూర్చుని ఎవరి అన్నం వాళ్ళం కలుపుకుని తిన్నాం.